జాలీకి పెట్టిన ఇటుకలు

సిరోంచ, 9-1-84

యాదక్కా, నాన్న దీవెనలు. ఈ కార్డు చదవగానే మీ అద్దె గదిలో గోడ పైకి చూడు, గాలి పోయే జాలీ తెరిచి ఉందో లేదో.

మన వెనుక గదిలో అద్దెకుండే, అడవి నాకా కాసే నాకేదార్ భీము భార్య జంగుబాయి బాలింత. మొన్న పొద్దున జంగుబాయి వాళ్ళమ్మ ఆమె మంచం కింద బొగ్గుల కుంపటి సెగ పెట్టి, తలుపు బిగించి నీళ్ళకు పోయింది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకూ ఇదే సెగ, కాని ఆ పెంకుటింట్లో పొగ తన దారి తాను చూసుకునేది. సరే, అదలా ఉంచు. భీము వచ్చి తలుపు తోస్తే తల్లికీ పాపకూ సోయి లేదు. వాకిట్లోకి మోసుకొచ్చిన చాలాసేపటికి పాప ఏడ్చింది. ఇప్పుడిద్దరూ కులాసా.

"జాలీ ఎవలు మూసిండ్రు మామా?" అన్నాడు భీము.

"ఉడుతలు సొస్తున్నయని నేనే ఇటుకలు పెట్టిన."

"ఉడుతలైతె మంచిగనే ఉన్నయి" అని లోపలికి పోయాడు. అప్పుడే గడ్డపారతో ఆ ఇటుకలు పీకాను.

మూడో కాన్పని నువ్వు ఇక్కడికి రాకపోతివి. నీకు సెగ పెట్టే కుంపటి ఉన్నంతసేపు తలుపు తెరిచి ఉంచమని మీ అత్తకు చెప్పు. జాలీ సంగతి మీకు గది అద్దెకిచ్చినాయనను అడుగు, మొహమాటపడకు. అది ఇల్లుగలవాడు చేయవలసిన పని, ఇల్లుగలవాణ్ణయి నేనే చెబుతున్నా. కాదంటే శనివారం బస్సుకు గడ్డపారతో నేనే మీ ముల్చేర వస్తా.

నీకు పంపిన వాము అందిందా? పిల్లలకు ముద్దులు. జవాబులో వేరే కబుర్లేం వద్దు, జాలీ తెరిచామని ఒక్క ముక్క రాయి.

మీ నాన్న, ఎల్లన్న