పర్వాలేదుకు హద్దు

మార్చి 4, మంగళవారం

మెక్సికోలో, లెయోన్ ఊళ్లోని ఈ బూట్ల ఫ్యాక్టరీలో రెండు కుట్టు లైన్లు. ఒకటి మూసేస్తారు. ఏది మూయాలో నా లెక్క చెప్పాలి. అంకెలకు లొంగని సంగతులు కూడా లెక్కలోకి రావాలని, ఫజీ లాజిక్ పద్ధతికి యజమాని బర్రగాన్‌ను నేనే ఒప్పించాను. ఏ లైనూ పూర్తిగా మంచిది కాదు, పూర్తిగా చెడ్డదీ కాదు. ఎంత మేరకు మంచిదో చెప్పవచ్చు. లైను పెద్దలు మాటల్లో జవాబిస్తారు: బాగాలేదు, పర్వాలేదు, బాగుంది. ఆ మాటలకు హద్దులు గీసేది నేను.

మార్చి 6

ఒకటో లైను పెద్ద ఫిదెన్సియో అన్నిటికీ చాలా బాగుందన్నాడు. రెండో లైను పెద్ద ఎర్మెలిందా, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఆవిడ, అన్నిటికీ పర్వాలేదంది. లైనులో మనుషులెలా ఉన్నారని అడిగితే, ఏదో, నడుస్తోందమ్మా అంది. ఇక్కడి పాత కుట్టుపనివాళ్లు సొంత పనిని పొగుడుకోరు. పొగుడుకున్న రోజే సూది విరుగుతుందంటారు.

మార్చి 7

లెక్క తేలింది. ఎర్మెలిందా లైను మూయాలి.

మార్చి 10, మధ్యాహ్నం

షాపుల నుంచి లోపాలతో తిరిగొచ్చే బూట్లలో ఎక్కువ ఫిదెన్సియో లైనువే. గేటు దగ్గర రొట్టె తింటున్న ఎర్మెలిందా పక్కన కూర్చున్నాను. బాగుందని ఒక్క మాట అనండి దోన్యా, లేకపోతే మీ లైను పోతుంది అన్నాను. నా నోటితో నన్నే పొగుడుకోమంటారా ఇంజనీరమ్మా, మా ఆయనే ఇంకా ఆ పని చెయ్యలేదు అని నవ్వింది. వేళ్లకంటిన మిరపకారం తుడుచుకున్నాక, మాది బాగుందంటే ఎవరిది మూస్తారని అడిగింది. ఫిదెన్సియోకి కుట్టు నేర్పింది నేనే, వాడి కూడు నా నోటితో తీయించకండి, పర్వాలేదనే రాసుకోండి అంది.

మార్చి 12

పర్వాలేదుకు హద్దు జరిపాను. బాగుందికి దగ్గరగా. ఆమె నోట ఆ మాటకు బాగుందన్నంత బరువుందని నాకు నేను చెప్పుకున్నాను. తిరిగొచ్చిన బూట్లూ అదే చెబుతున్నాయి. కాని ఫలితం చూశాక జరిపాను. ముందే జరిపి ఉంటే దాన్ని పద్ధతి అనేదాన్ని. ఇప్పుడేమనాలి?

బర్రగాన్ చివరి అంకె ఒక్కటే చూశాడు. ఎంత మేరకు అన్నది చదవలేదు. ఇది లెక్క చెప్పిందే కదా, మీరు కాదుగా అన్నాడు. లెక్కే అన్నాను.

మార్చి 21

ఒకటో లైను మూశారు. ఫిదెన్సియో కత్తెర, సుత్తి మూటకట్టుకున్నాడు. అందరితో చేయి కలిపాడు, నాతోనూ. నేను బాగుందనే చెప్పానే ఇంజనీరమ్మా అన్నాడు.

ఏప్రిల్ 2

కొత్త నెల కొలత. కుట్టు ఎలా ఉందని ఎర్మెలిందాను అడిగాను.

నా వైపు చూడకుండా, చాలా బాగుంది అంది.