గుమ్మం ముందు మైదా ముగ్గు

పిస్కాటవే, న్యూజెర్సీ

ప్రియమైన మరియక్కకు,

ప్రభువు దయవల్ల నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి బెంగపెట్టుకోకు. చలి ఎక్కువే గానీ కోటు కొనుక్కున్నాను. హాస్పిటల్‌లో డ్యూటీకి బస్సులో వెళ్తున్నాను, అన్నమే వండుకుని తింటున్నాను. నీ గోంగూర పచ్చడి మాత్రం సీసా అడుగుకొచ్చింది.

సెలవురోజు ఏమీ తోచక ఏడుపొచ్చేది. ఎదురు వాటాలోకి ఎన్‌గోజి వచ్చాక ఫరవాలేదు. నైజీరియా అమ్మాయి, కాలేజీలో బొమ్మలు వేయడం నేర్పుతుంది. వాళ్ల అమ్మమ్మ మట్టిగోడల మీద వేసిన గీతలనే తను పెద్ద పెద్ద కాన్వాసుల మీద వేస్తుంది. అవి సాతాను గీతలని చర్చిలో ఎవరో అంటే, బాప్తిస్మం తీసుకున్నాక ఆవిడ గోడంతా అలికేసిందట. అప్పటికి ఎన్‌గోజి చిన్నపిల్ల. ఆ ఇంటి గుమ్మం పైన ఏ గీత ఉండేదో ఎంత తలచుకున్నా తనకి గుర్తురాదు. ఎగ్జిబిషన్ దగ్గరపడింది, బొమ్మలో ఆ చోటు ఖాళీగానే ఉంది. కూతురి దగ్గరికొచ్చిన వాళ్లమ్మకి తెలుసు, కానీ చెప్పదు. "వదిలేసింది వదిలేసినట్టే ఉండనీ" అంటుంది. బొమ్మల వైపు కన్నెత్తి చూడదు.

క్రిస్మస్‌కి ముందు మా గుమ్మంలో నక్షత్రం ముగ్గు వేశాను. బియ్యప్పిండి లేక మైదాతో వేశాను, నా బుద్ధి గడ్డి తిని. ఎన్‌గోజి వాళ్లమ్మ తలుపు తీసి చూసింది.

"నువ్వు చర్చికెళ్లే పిల్లవేగా?"

"అవునమ్మా."

"మీ పాస్టరు తిట్టడా?"

"మా ఊళ్లో అయ్యగారు ముగ్గు తొక్కకుండా పక్కనించి వచ్చి, ప్రార్థన చేసి, అరిసెలు తిని వెళ్తారు."

ఆవిడ నవ్వింది. తర్వాత వంగి, నా గిన్నెలో పిండి తీసుకుని, ముగ్గు పక్కన చుట్టలు తిరిగే గీత ఒకటి వేసి, లోపలికి వెళ్లిపోయింది.

మంచు తడికి మైదా బంకలా పట్టేసింది. అపార్ట్‌మెంట్ మేనేజరు వచ్చి నానా మాటలూ అన్నాడు. ఎంత గీకినా ఊడి రాలేదు. సాయంత్రం ఎన్‌గోజి వచ్చాక, "మీ అమ్మే వేసింది" అని చూపించాను. "గుమ్మం పైనుండేది ఇదే" అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత కాగితం తెచ్చి దింపుకుని, బొమ్మలో ఖాళీగా ఉన్న చోట వేసింది.

ఎగ్జిబిషన్ రోజు వాళ్లమ్మ వస్తుందో రాదోనని ఎన్‌గోజి నా చెయ్యి వదల్లేదు. వచ్చింది. చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని ఆ బొమ్మ దగ్గరికి వెళ్లి చూసింది.

"ఆ చివరి వంపు తప్పు. మా అమ్మ ఎడమకి తిప్పేది," అంది. "కుంచె ఏదీ?"

అక్కా, నాన్నమ్మ వేసే తామరపూల ముగ్గు నాకు సగమే గుర్తుంది. ఆ సగం ఈ కాగితం వెనక వేశాను. మిగతాది నువ్వు వేసి పంపు. పెద్దమ్మకీ, అయ్యగారికీ నా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. నీ ప్రార్థనలో నాతోపాటు ఆ తల్లీకూతుళ్లని కూడా తలుచుకో.

నీ చెల్లెలు,
సువార్త