పదకొండో నంబరు చామంతి

1983 మార్చి 8, మంగళవారం

చనిపోయినవాళ్ళతో మాట్లాడడం నేర్పే తన సర్కిల్‌లో థెల్మా నన్ను చేర్చుకుంది. చర్చి హాలు వెనకగదిలో అందరం గుండ్రంగా కూర్చుని కళ్ళు మూసుకున్నాం. తక్కినవాళ్ళకి చనిపోయినవాళ్ళు ఎవరో ఒకరు కనిపించారట. నాకు ఏమీ కనిపించలేదు. ఆ మాటే చెప్పాను.

మంచిది నోలీన్, ఏమీ రాలేదని ఒప్పుకోవడం వస్తే సగం చదువు అయినట్టే, అది రానివాళ్ళే కథలల్లుతారు అంది థెల్మా. మిగతా సగానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. ముందు ఆ టీ కప్పులు కడుగు అంది.

ఇంటికొచ్చి రేడియో పెట్టాను. మా ఆయన కీత్ పోయినప్పటినుంచీ ఇంట్లో దానిదొక్కటే గొంతు.

మార్చి 15

కుర్చీలు వేశాను. కుర్చీలు తీశాను.

1985 ఆగస్టు 6, మంగళవారం

వచ్చింది! ఒక కొత్తావిడ ఎదురుగా కూర్చుంది. నా మోకాలు సలిపింది. పడవ తాళ్ళ వాసన వేసింది. పొట్టి మనిషి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటాడు అన్నాను. మా నాన్నే, మా నాన్నే అని ఆవిడ ఏడ్చి, నన్ను కావలించుకుంది. నన్ను ఎవరైనా అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో. వదలబుద్ధి కాలేదు.

టోపీ అలా పెట్టుకునేది మా మామయ్య కదా అని తర్వాత అనుమానం వచ్చింది. థెల్మాని అడిగాను. అయితే ఏమైంది అంది. అవతలివాళ్ళకి సొంత సామానేముంది, మన జ్ఞాపకాలే అరువు తీసుకుని మాట్లాడతారు, నీ ఇంటి వస్తువు కనబడిందని ఎప్పుడూ మధ్యలో ఆగిపోకు అంది.

ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి.

1987 నవంబర్ 3, మంగళవారం

మెల్‌బోర్న్ కప్ రోజు. పక్కింటి మిర్కో పొద్దున్నే కంచె మీదుగా టమాటాలిచ్చి, ఏ గుర్రం గెలుస్తుందో చెప్పమ్మా, గెలిస్తే నీకూ వాటా అన్నాడు. మా విద్య అందుకు కాదన్నాను. ప్రాణం తీశాడు. ఒక పేరు చెప్పాను. అది అందరికంటే వెనక వచ్చింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. ఎవరూ అన్నాను. ఓరి దేవుడా, ఇన్నేళ్ళు నేర్చుకుని తలుపు వెనక ఎవరున్నారో కూడా తెలీదా అని మిర్కో గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వాగలేదు.

1988 జూన్ 12

మిర్కో ఇల్లు అమ్మేసి అడిలైడ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇక నన్ను వెక్కిరించే మనిషి కూడా లేడు.

1988 సెప్టెంబర్ 20

ముందుగది సర్దాను. చిన్న బల్ల, దానికి అటో కుర్చీ ఇటో కుర్చీ, ఊదారంగు కర్టెన్. థెల్మా సరే అంటే హాల్లో వేదిక ఎక్కి అందరిముందూ చెప్పొచ్చు. ఆ తర్వాత గేటుకి బోర్డు పెట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళకి వాళ్ళవాళ్ళ సంగతులు చెప్పొచ్చు. ఎప్పుడడిగినా ఇంకా కాదు అంటుంది. ఆవిడ పీక పిసకాలనిపిస్తుంది.

ఇక్కడ ఎవరు చూడొచ్చారు, నిజం రాస్తాను. నాకు పేరు రావాలని లేదు. కీత్ వచ్చి ఏదైనా చెబుతాడన్న ఆశ కూడా ఎప్పుడో పోయింది. ఎవరో ఒకరు వచ్చి నా తలుపు కొట్టాలి. ఆ ఎదురుకుర్చీలో కూర్చోవాలి. అంతే.

1989 ఏప్రిల్ 25

ఒప్పుకుంది! మదర్స్ డే నాడు పువ్వులు చదవమంది. వచ్చినవాళ్ళు తెచ్చిన పువ్వులకి మా సర్కిల్‌లోని ఐవీ నంబర్లు కట్టి పళ్ళెంలో పెడుతుంది. నేను కళ్ళకి గంతలతో ఒక్కో పువ్వూ పట్టుకుని దాని మనిషి గురించి చెప్పాలి. ప్రశ్నలు వేయకూడదు. ఒక పువ్వుకి ఒక్కరే నాది అనాలి, ఇద్దరన్నారంటే నువ్వు చెప్పింది గాలిమాట కింద లెక్క అంది థెల్మా. అన్నీ సరిపోతే బోర్డు పెట్టుకోమంది.

మే 13

రేపే. హాల్లో పెట్టడానికి చామంతులు కోశాను.

మే 14, ఆదివారం సాయంత్రం

హాలు నిండింది. మే నెల, ఇక్కడ చామంతుల కాలం కదా, అందరూ అవే తెచ్చారు. పట్టుకుని చూస్తే అన్నీ ఒకటే. మొదటి నాలుగూ అద్భుతంగా వచ్చాయి. ఒక్కో పువ్వుకి ఒక్క గొంతే నాది అంది.

పళ్ళెంలోంచి ఐదోసారి చేతికందినది పట్టుకోగానే ఎప్పుడూ రానంత తేటగా వచ్చింది. ఈమె చిన్న బ్రెడ్డే కొంటుంది, అయినా సగం బూజు పడుతుంది అన్నాను. రేడియోలో వార్తలు చదివేవాడికి జవాబులు చెబుతుంది. సింకు దగ్గర నిలబడే తినేస్తుంది. రాంగ్ నంబరు వచ్చినా ఏదో ఒకటి అడిగి కాసేపు మాట్లాడిస్తుంది. చెబుతుంటే నా వంటిల్లే కళ్ళముందు కదిలింది. ఆగలేదు. ఆగొద్దని నేర్పింది థెల్మాయేగా.

ఎడమవైపునుంచి ఒక ముసలామె నాది అంది. ఆ వెంటనే వెనకనుంచి ఇంకో ఆడగొంతు. ఆమె కాదు అతను అనుకుంటే నాది కూడా అన్నాడు ఒకాయన.

ముగ్గురంటే గాలిమాటే. ఐవీ పువ్వుకి కట్టిన చీటీ చూసి పదకొండో నంబరు ఎవరిదని అడిగింది. ఆ ముగ్గురిదీ కాదు. ఎవరిదీ కాదు. గంతలు విప్పాను. కాడ విరిగిన తెల్ల చామంతి. పొద్దున వాజులో పెడుతుంటే నా చేతిలో విరిగితే బల్లమీద వదిలేసినదే. ఎవరో నంబరు కట్టించుకోవడం మరిచిపోయారనుకుని ఐవీ తనే కట్టిందట.

ఇది నాదే అన్నాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. థెల్మా నవ్వలేదు.

కప్పులు కడుగుతుంటే పక్కన వచ్చి నిలబడి, బోర్డు ఈ ఏడు వద్దులే నోలీన్ అంది. ఆరేళ్ళు నేర్చుకున్నాను. నా బతుకు నా చేతిలో పెడితే గుర్తుపట్టలేకపోయాను. దారంతా ఏడ్చాను.

మే 16, మంగళవారం

సర్కిల్‌కి వెళ్ళలేదు.

మే 17

ఐవీ ఫోన్ చేసింది. పాపం, తన తప్పేనని ఒకటే బాధపడింది. పెట్టేసేముందు ఇంకో సంగతి చెప్పింది. ఆ పువ్వుకి నాలుగో మనిషి కూడా చెయ్యెత్తారట. ముందు వరసలో. నోరు తెరవలేదట, వెంటనే దించేసుకున్నారట. ఎవరని అడిగాను.

థెల్మా అని చెప్పింది.

మే 18, గురువారం

తలుపు చప్పుడైంది. ఎవరో నాకు తెలియలేదు. పరుగున వెళ్ళి తీశాను.

థెల్మా. చేతిలో సగం బ్రెడ్. బూజు పట్టకముందే తిందామా అంది.