నీ కుర్చీ మీది జాయింటు

డేనియల్ అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. శంషాబాద్‌లో మా ముందుగదిలో ఇవాళ మళ్లీ దోస్తుల కంప్యూటర్లన్నీ ఒకే వైరుకు కలిపి ఆట పెట్టాను. సర్వర్ నా కంప్యూటరే. నీ కంప్యూటర్‌తో పాటు దాని వెనక వైర్లను కలిపే టీ జాయింటు కూడా మీ ఇంటికి వెళ్లిపోయింది కదా, అది లేక వైరు నువ్వు కూర్చునే చోట రెండు ముక్కలైంది. ఎవరికీ ఎవరూ కనపడలేదు.

సంగతి తెలిసి మీ అక్క దాన్ని తెచ్చిచ్చింది. "తమ్ముని డబ్బాల దొరికింది. గిదేనా చూడుండ్రి" అంది.

రెండు వైర్లూ దానికి బిగించి నీ కుర్చీ మీద పెట్టాం. కంప్యూటర్ తగిలించే మూడో మూతి ఖాళీగానే ఉంది. అయినా ఆట నడిచింది.

చోటు చాలక మన దోస్తు శ్రీను ఆ కుర్చీ తీయబోయాడు. కసిరాను.

"గది ముట్టకురా. మనందరి వైరు ఆడికెల్లే పోతున్నది."