అల్లియా రోజున పుట్టిన పిల్ల

అక్క సబీదియాకు,

నువ్వు కులాసాగా ఉంటే సంతోషం. నేను బాగా అలిసిపోయి ఉన్నాను.

మొన్న నీ మరదలు ఫాబ్రిసియాకు ఆడపిల్ల పుట్టింది. రెండు రోజులు నొప్పులు పడింది. "వెనకటికి గాల్‌ జాతి సేన అల్లియా ఏటి ఒడ్డున మన రోమన్లను నరికిన అపశకునపు రోజే ఇది! ఈ ఒక్క పూట ఆపుకోవే తల్లీ" అని అమ్మ ఒకటే గోల.

"అయితే మీరొచ్చి కనండి అత్తయ్యా, రేపటిదాకా ఆపుకుందురుగాని" అంది ఫాబ్రిసియా.

అమ్మ ఇంతవరకు బిడ్డను ముట్టుకోలేదు. మర్నాడు పుట్టిందని వీధంతా చెబుతోంది, నన్నూ అలాగే చెప్పమంటోంది. ఫాబ్రిసియా ఒప్పుకోదు. ఇద్దరి మధ్యా నాకు నిద్ర లేదు. కొలిమి దగ్గర సుత్తి ఎత్తబోతే చేతులు లేవడం లేదు.

నిన్న ఆగలేక అరిచాను. అమ్మ కూలబడింది. "మీ అక్కా ఆ రోజే పుట్టిందిరా. నేనే ఒకరోజు జరిపి చెప్పాను."

ఇన్నేళ్ళూ నీ పుట్టినరోజు తేనె రొట్టెలు ఒకరోజు ఆలస్యంగా తిన్నామన్నమాట.

"మరి అక్కకేమైంది? అయిదుగురు పిల్లలతో గుండ్రాయిలా ఉంది కదా!" అన్నాను.

"దాచాను కాబట్టే అలా ఉంది" అంది.

ఎనిమిదో రోజున పేరు పెట్టాలి. నువ్వు ముందే రా అక్కా. నిజం తెలిశాక కూడా నీకేమీ కాలేదని కళ్ళారా చూస్తే, అమ్మ బిడ్డను ఎత్తుకుంటుందేమో. ఇది చదివాక నీకూ భయం వేస్తే రాకు. తప్పు పట్టను.

నీ తమ్ముడు