పదిహేనో వారం చెల్లికి

ఇంట్లో అందరూ సైలెంట్ అని పిలిచే నేను, వయసు పదహారు, చదువు ఏడో తరగతి సగం, పని జిరాక్స్ షాపులో టైపింగు, గుండె వార్డులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఫోన్లో కొట్టి మన ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్న వీలునామా ఏమనగా.

తెలివిలో ఉన్నాననడానికి రుజువు, ఇప్పుడే నర్సక్క బీపీ చూసింది. "నాకన్నా నీదే బాగుందిరా" అంది.

పద్దెనిమిది నిండనివాడి వీలునామా చెల్లదని నాకు తెలుసు. షాపులో ఊరందరివీ కొట్టింది నేనేగా. షాపు బాబాయ్ కూడా "కోర్టులో పనికిరాదురా" అన్నాడు. కోర్టుకెవరు వెళ్తారు బాబాయ్, మనింట్లో పనికొస్తే చాలు. ఎదురుగా చెప్పమంటే నాకు గొంతు లేవదు, అందుకే రాస్తున్నా. రేపు పొద్దున ఆపరేషన్. డాక్టరు గారు "మేం రోజూ చేసేదే" అన్నారు. ఆయనకి రోజూ. నాకు ఇదే మొదలు.

1. ఆస్తి వివరం. నా సొంతానికి ఒక ఫోను, ఒక మెమరీ కార్డు, కథల యాప్‌లో ఒక సీరియల్. ఇవి కాక అమ్మమ్మ నాకు ఇచ్చేసిన కుట్టు పుస్తకాలు నాలుగు.

ఆ పుస్తకాలు ఎలా వచ్చాయో రాయాలి, లేకపోతే రేపు ఎవరికీ తెలీదు. అప్పట్లో వీధిలో ఆడవాళ్ళంతా కలిసి ఒక్క వారపత్రిక కొనేవాళ్ళట. పిన్నులు విప్పి, సీరియల్ పేజీలు తీసి ఇల్లిల్లూ తిప్పేవాళ్ళు. అమ్మమ్మ వాళ్ళది వీధి చివరిల్లు. పేజీలు తన దాకా వచ్చేసరికి కథేమైందో కుళాయి దగ్గర నలుగురూ చెప్పేసేవాళ్ళు. కానీ చివరిల్లు కాబట్టి పేజీలు ఆవిడకే మిగిలేవి. సీరియల్ అయిపోగానే దబ్బనంతో, పురికొసతో కుట్టి, బిస్కెట్ పెట్టె అట్ట వేసేది. వాటి మీద ఎవరింటి నూనె మరకలో, ఎవరి పిల్లాడి పెన్సిల్ గీతలో. హీరోయిన్లందరికీ మీసాలే.

జబ్బని బడి మానేశాక నాకు చదవడం నిజంగా వచ్చింది వీటితోనే. అమ్మమ్మకి చూపు పోయాక రోజూ మధ్యాహ్నం మూడింటికి నేను చదివేవాణ్ణి, ఆవిడ పడుకుని వినేది. నలుగురిలో నోరు పెగలని నాకు ఆ గదిలో మాత్రం గొంతు వచ్చేది.

2. మావయ్యకి. ఇల్లు మారినప్పుడు అమ్మమ్మ కుట్టిన పుస్తకాలు రెండు గోనె సంచులు పాత పేపర్ల వాడికి వేసేశావు. "ఇప్పుడెవడు చదువుతాడ్రా ఈ చెత్తంతా" అన్నావు. ఈ నాలుగూ అమ్మమ్మ మంచం కింద ఉండబట్టి బతికాయి. అదే నువ్వు రోజూ గడ్డం గీసుకుంటూ పాత పాటలు కూనిరాగం తీస్తావు. పాత పాట వదల్లేని మనిషి పాత కథని ఎలా వదిలేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మెమరీ కార్డు నీకు. నువ్వు పల్లవితో ఆపేసే పాటలన్నీ వెతికి పూర్తిగా ఎక్కించా. నీకు సినిమా పేర్లు గుర్తుండవు కాబట్టి "రైల్లో ఏడ్చేది", "వానలో హీరో జారేది", "విలన్ కూడా చప్పట్లు కొట్టేది" అని పేర్లు పెట్టా. క్షమించాను అని రాద్దామనుకున్నా, నేను కొట్టిన వీలునామాల్లో చాలామంది రాయించారు. నేను ఇంకా ముప్పావు వంతే క్షమించా. ఉన్నదే రాయాలి కదా.

3. నా సీరియల్. దీని మీద సర్వ హక్కులూ, ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా షాపు బాబాయ్‌వి. పాస్‌వర్డు షాపు కంప్యూటర్లోనే ఉంది.

యాప్‌లో కథలు చూసే మేడమ్ గారు "ప్రతి భాగం చివర ఎవరో ఒకరు తలుపు కొట్టాలి బాబూ, లేకపోతే చదివేవాళ్ళు వెళ్ళిపోతారు" అన్నారు. అప్పట్నించీ కొట్టిస్తూనే ఉన్నా. మా హీరోయిన్ ఇంటి తలుపు ఇంకా ఊడిరాలేదంటే వడ్రంగిని మెచ్చుకోవాలి. అమ్మమ్మ వాళ్ళు ఒక భాగం చదివి వారమంతా దాని గురించే పోట్లాడుకునేవాళ్ళట. నా సీరియల్ చదివేవాళ్ళు భాగం పెట్టీ పెట్టగానే "నెక్స్ట్ బ్రో" అంటారు. తప్పు వాళ్ళది కాదు, తలుపు కొట్టించేది నేను.

నేను రాకపోతే చివరి భాగం ఇలా పెట్టు బాబాయ్. ఆమె తలుపు తీసింది. బయట ఎవరూ లేరు, గాలి. కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. అంతే. తిడతారు, తిట్టనివ్వు. రచయిత ఫోటో అడిగితే సిగ్గేసి షాపులో స్టాప్లర్ ఫోటో పంపా. ఇప్పటికీ నా పేరు పక్కన అదే ఉంది. దాన్ని మార్చొద్దు.

4. అమ్మకి నా ఫోను. నువ్వు గదిలోకి వస్తే ఇన్నాళ్ళూ ఫోను తిప్పేసేవాణ్ణి. "ఏం దాస్తున్నావురా" అనేదానివి. ఏమీ లేదమ్మా. హీరోయిన్ అచ్చం నీలాగే విసుక్కుంటుంది, సూది పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడుతుంది. అదొక్కటే దాచింది. ఇక చదువుకో.

5. చెల్లికి. కుట్టు పుస్తకాలు నాలుగూ, అమ్మమ్మ మంచం పక్కన ఉన్న నా స్టూలూ నీకు.

అమ్మమ్మకి ప్రాణం టెలిఫోన్ ఆఫీసు అమ్మాయి సీరియల్. అందులో పదిహేనో వారం లేదు. ఆ వారం అమ్మ పుట్టింది. అమ్మమ్మ ఆసుపత్రిలో ఉండిపోతే పేజీలు ఏ ఇంట్లో ఆగిపోయాయో ఎవరికీ తెలీదు. పధ్నాలుగో వారం చివర ఆ అమ్మాయి ఒంటరిగా రైలెక్కుతుంది. పదహారో వారం మొదట్లో ఆమె చేతికి కట్టు ఉంటుంది, పక్కన ఒక కుక్క ఉంటుంది. ఎవరూ ఏమీ అడగరు.

మొదటిసారి అక్కడికొచ్చి ఆగితే అమ్మమ్మ "ఊఁ, చదువు" అంది. మర్చిపోయిందేమో అనుకుని, చదువుతున్నట్టే ఒక వారం కల్పించి చెప్పా. మళ్ళీ ఏడాది అదే పుస్తకం తీస్తే ముందు ఏం చెప్పానో నాకే గుర్తులేక ఇంకోటి చెప్పా. అమ్మమ్మ మెల్లిగా "పోయినసారి కుక్క నల్లది కదరా" అంది. పుస్తకం కుట్టింది తనే, అందులో ఏం లేదో తనకి తెలియదా? నా బుర్రకి అప్పటిదాకా తట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఆ వారం దగ్గరకొచ్చినా అమ్మమ్మ పడుకున్నది లేచి కూర్చునేది. నేను రచయితనయ్యానంటే అక్కడే అయ్యా.

నిన్న మేం బయల్దేరేముందు పధ్నాలుగో వారం అయిపోయింది. కింద కారు హారన్ కొడుతోంది. ఆ అమ్మాయి రైలెక్కి కూర్చుంది. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని "అక్కడే ఉంచు" అంది.

రేపు మూడింటికి నేను ఎక్కడుంటానో నాకు తెలీదు. అమ్మమ్మ మాత్రం ఆ మంచం మీదే ఉంటుంది. ఇవాళ్టిలాగే రేపూ గదిలో చప్పుడు లేకపోతే నాకేమైందో అని ఆలోచిస్తూ ఉంటుంది. నిన్న అడిగితే నువ్వు "నాకు తెలుగు కూడబలుక్కోవాలన్నయ్యా, అమ్మమ్మ నవ్వుతుంది" అన్నావు. పిచ్చిదానా, రేపటి వారంలో చదవడానికి ఒక్క అక్షరం కూడా లేదు. స్టూలు మీద కూర్చో, పుస్తకం ఒళ్ళో పెట్టుకో. కుక్క ఎక్కడిదో, చెయ్యి ఎలా విరిగిందో నువ్వే చెప్పు. అమ్మమ్మ "పోయినసారి ఇలా లేదే" అంటుంది. బెదిరిపోకు.

పైవన్నీ నేను పోతేనే. ఈ ఐదోది మాత్రం నేను పోయినా, తిరిగొచ్చినా, రేపు మూడింటి నుంచి అమల్లోకి వస్తుంది. తిరిగొచ్చినా పదిహేనో వారం నీదే, వెనక్కి అడగను. అమ్మమ్మ లేచి కూర్చుందంటే, ఆపకు.

ఇది నేను రాసిన మొదటి వీలునామా. దీన్ని మార్చే ఉద్దేశం లేదు. ఎనిమిదింటికి ఫోను తీసేసుకుంటారట, ఈలోపు అందరూ చదివేయండి.

తేదీ: ఈ నెల పన్నెండు, మంగళవారం, సాయంత్రం.

సంతకం: సైలెంట్

సాక్షులు (ఇద్దరూ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టాలి, వేలిముద్ర కింద లెక్క; పెట్టాక కింద చేర్చా):
1. షాపు బాబాయ్. పెట్టాడు. కింద "అచ్చుతప్పుల్లేవురా" అని కూడా రాశాడు.
2. నర్సక్క. గ్రూపులో లేదు కాబట్టి అమ్మ ఫోన్లోంచి పెట్టింది. పెట్టి, "ఇంతకీ కుక్క ఎక్కడిది?" అని అడిగింది. చెల్లిని అడగమన్నా.