చందన్ దారికి సున్నం

అమ్మా పుష్పా, నేను బాగుండాను, వేళకు తింటాండాను, దిగులుపడొద్దు.

పోయిన ఆదివారం బెంగళూరోళ్లు పదిమంది లావు టైర్ల సైకిళ్లేసుకొని నిడుగల్లు కొండకొచ్చి దారి తప్పినారు. మీ తమ్ముడు గొర్రెలు తోలిన దారి చూపిస్తి. వాడు రాళ్లకు పూసిన సున్నం గుర్తులు చూసుకుంటా కొండంతా చుట్టొచ్చినారు. "అజ్జీ, ఇట్లాంటి దారి యాడా చూళ్లేదు, ఎవరు చేసినారు?" అన్నారు. "నా కొడుకు చందన్" అంటి. వాడు పోయినంక ఆ పేరు నా నోట వచ్చింది అప్పుడే. ఫోన్లో ఉండే మ్యాపులో ఆ దారికి వాడి పేరే పెట్టినారమ్మా!

అయితే గుర్తులు మాసిపోతాండాయి. ఏటా ఉగాదికి ఇంటికి కొట్టంగా మిగిలిన సున్నమే కదా వాడు రాళ్లకు పూసేది. ఈ ఏడు మనకు పండగ లేదు, సున్నమూ లేదు. నేను సున్నం కలుపుతాంటే మీ పిన్నమ్మ వచ్చి "సూతకంలో సున్నమేందక్కా?" అన్నింది. "ఇంటికి కాదులేమ్మే, నా కొడుకు దారికి" అని బకెట్టెత్తుకొని పోతి. సగం రాళ్లకు పూసినా. పైకి మోకాళ్లు రానీలేదు.

పాపకు జలుబు తగ్గిందా? వానలు పడకముందే నువ్వూ అల్లుడూ రాండి. వాడి కుంచె కడిగి ఎండబెట్టినా. కింద నిలబడి చూస్తే దారి కొండ కొన దాకా తెల్లగా కనపడల్ల.

మీరంతా చల్లగుండల్ల.
మీ అమ్మ కాటమ్మ